నలభై ఫోన్లకు ఒకే నంబరు

ఇన్‌స్పెక్టర్ గారికి,

స్టేషను మెట్లెక్కే ధైర్యం లేక ఇలా రాస్తున్నాను. నాచారంలో నాది మొబైల్ రిపేరు షాపు. ఉప్పల్ వైపు కల్లు అమ్మే కాంపౌండ్ల దగ్గర ముగ్గురు ఆడవాళ్లను చంపినవాడు దొరికాడని పేపర్లో చదివాను. మూడో ఆమె ఫోనును వాడు ఎత్తుకెళ్లాడట. సిమ్ మార్చినా ఫోను లోపలి పదిహేను అంకెల నంబరును టవరు గుర్తుపడుతుందట, దాంతోనే దొరికాడట కదా! అదెలాగో తెలుసుకోవాలని రెండు రోజులు ఒకటే ఆలోచన.

నిన్న, ఈ కేసులో మీరు పట్టుకున్న సాయిలు వాళ్ల భార్య షాపుకొచ్చింది. "అన్నా, మా ఫోనుకు నంబరు నువ్వే ఎక్కిచ్చినవ్ గదా. గది సచ్చిపోయినామె నంబరెట్లయితది? జర సూసి జెప్పు" అంది.

అప్పుడు నాకు అసలు సంగతి తట్టింది. పోయినేడు నంబరు లేని చైనా ఫోన్లు బందవుతాయనగానే జనం నా షాపు ముందు వరస కట్టారు. ఒక్కోదానికి ఒక్కో నంబరు ఎక్కించాలి. నేను తొందరలో నలభై ఫోన్లకు ఒకే నంబరు ఎక్కించాను. అన్నీ మోగాయి కాబట్టి ఎవరూ అడగలేదు. చనిపోయినామె ఫోనూ, సాయిలు ఫోనూ అందులోవే. సాయిలు ఏ పాపం ఎరగడు. చంపినవాడు ఇంకా బయటే తిరుగుతున్నాడు.

ఒక్క సందేహం సార్. ఆ నంబరు అసలు నా సొంత ఫోనుది. టవరుకు అన్నీ తెలిస్తే, మీరు ముందు నా దగ్గరికే రావాలి కదా?

ఫోను ఆన్‌లోనే పెట్టాను. షాపులోనే ఉంటాను.