పసుపుపచ్చ చంద్రుడు

కార్వర్ గల్చ్, నెవాడా
బుధవారం

మేక్సీన్ తల్లికి లైమన్ మామయ్య దీవెనలు.

నిన్న మీ ఓపల్ అత్తయ్య పుట్టినరోజు. ఆవిడ పోయాక ఇది రెండోది. వరండాలో కూర్చుని ఆవిడకిష్టమైన పీచ్ పళ్ల కేకు ఒక్కణ్ణే తింటున్నాను. చంద్రుడు టప్పున ఆరిపోయాడు! మళ్లీ వెలిగేసరికి పసుపుపచ్చగా ఉన్నాడు.

నువ్వు వాషింగ్టన్‌లో ఏదో సర్కారు నేలమాళిగ ఆఫీసులో పనిచేస్తావుగా, చెప్పు. చంద్రుడు బల్బేనా? నెలాఖరు శనివారం చర్చి విందులో లేచి అందరికీ చెప్పేస్తాను.

మీ మామయ్య,
లైమన్

తా.క. తెల్ల చంద్రుడు ఆసుపత్రి దీపంలా ఉంటాడని మీ అత్తయ్య ఎప్పుడూ విసుక్కునేది.

* * *

మామయ్యకు నమస్కారాలు.

చంద్రుడు చంద్రుడే. నేను పనిచేసేది కాగితాల గోడౌన్‌లో. దయచేసి చర్చిలో నోరెత్తకు.

నీ మేనకోడలు,
మేక్సీన్

తా.క. నిజంగా ఎత్తకు.

* * *

తల్లీ,

నేను పంపిన క్రిస్మస్ కార్డులకి ఏనాడూ జవాబు రాయలేదు. దీనికి మాత్రం తిరుగు టపాలో రాశావు! అంటే బల్బే. పాస్టర్‌గారిని మైకు అడిగేశాను.

ఇట్లు,
నిజం తెలిసిన లైమన్

తా.క. మా వీధి చివర ఐస్‌క్రీమ్ వ్యాను ఆగి ఉంది. ఐస్‌క్రీమ్ అడిగితే లేదన్నారు.

* * *

మామయ్యా,

ఆ వ్యాను మాదే. చంద్రుడూ మాదే. నేనుండేది బల్బుల సెక్షన్‌లో. అత్తయ్య పుట్టినరోజని పసుపు బల్బు పెట్టింది నేనే.

నువ్వు మైకు పట్టుకున్నావంటే వ్యానులోవాళ్లు నీ బుర్ర కడిగేస్తారు. ఒక్క చంద్రుణ్ణే తుడవడం వాళ్లకి చేతకాదు, నలభై ఏళ్ల జ్ఞాపకాలు ఒకేసారి పోతాయి. గోడ మీద అత్తయ్య ఫొటో చూసి ‘ఎవరీవిడ?’ అంటావు. నాకు చాలా భయంగా ఉంది మామయ్యా. ఒట్టు, ఇదంతా నిజం.

మేక్సీన్

తా.క. నువ్వు నమ్మాలని ఆఫీసు కాగితం మీద, ముద్ర వేసి మరీ రాస్తున్నాను.

* * *

ఆదివారం

పిచ్చి తల్లీ,

సర్కారు ముద్ర వేసి ఒప్పుకుందంటే అంతకంటే పచ్చి అబద్ధం ఉంటుందా? నాలాంటివాళ్లని వెర్రివాళ్లని చెయ్యడానికి ఈ బల్బు కథ మీరే పుట్టించారు. మైకులో అదే చెప్పాను, చంద్రుడు నిజమని.  మా పక్కింటి హ్యాడ్లీ భార్య లేచి, “సర్కారు నుంచి నీకెంత ముట్టింది లైమన్?” అంది. వ్యాను మాత్రం వెళ్లిపోయింది.

నువ్వు బల్బు మార్చావా? మా వంటింటి బల్బు మార్చబోయి నిచ్చెన మీంచి పడ్డదానివి! చంద్రుడు నిజమైతే మరి పసుపుపచ్చగా చేసిందెవరు? మా ఓపలే. ఇంటికొచ్చి కరువుతీరా ఏడ్చాను.

మామయ్య

తా.క. నీ బుర్ర ఎవరో కడిగినట్టున్నారు. ఒకసారి డాక్టరుకి చూపించుకో.

* * *

మామయ్యకు మేక్సీన్ నమస్కారాలు.

నీ ఉత్తరం నాకంటే ముందు మా బాస్ చదివాడు. నన్ను పిలిపించాడు. ఆయన ఇంకోసారి చదివి, బుకాయింపుల సెక్షన్ మూసేశాడు. ఒప్పుకుంటే ఎవరూ నమ్మరని తేలిందిగా, ఇకమీదట అన్నీ ఒప్పుకోవడమేనట. అందుకు పెట్టిన కొత్త సెక్షన్‌కి నేనే పెద్దని.

అవును మామయ్యా, నాకు బల్బు మార్చడం ఎక్కడొచ్చు? అది అత్తయ్య పనే.

నీ మేనకోడలు,
మేక్సీన్

తా.క. వచ్చే ఏడు కూడా ఆ రోజు వరండాలో కూర్చో. అత్తయ్య మరిచిపోదులే.