వంతెనకు కప్పు ఎందుకు

ఏమండీ,

మీ సంవత్సరీకం అయ్యేదాకా విహారయాత్రలు వద్దని నేనే పట్టుబట్టాను. మొన్న అది పూర్తయింది. నిన్న ఉదయం తొమ్మిదీ పదికి మన మనవరాలు మేఘన నన్ను కారులో ఎక్కించుకుని ఇక్కడ ఐర్లండులోని గాల్వే నుంచి బయలుదేరింది. దారిలో నాలుగు రాతి వంతెనలు చూశాం. చివరికి ఒక పాత తోటలో, వాగు మీద కట్టిన చెక్క వంతెన దగ్గర ఆగాం. దానికి ఇంటికి ఉన్నట్టే పైకప్పు ఉంది. మీరు క్యాలెండరు బొమ్మలో చూసి ముచ్చటపడ్డారే, ఆ రకం.

ఆ కప్పు ఎందుకన్న దాని మీద మనకు ముప్ఫై ఏళ్ళు వాదన నడిచింది. నడిచేవాళ్ళు తడవకుండా అని నేను, కింది దూలాలు నానిపోకుండా అని మీరు. "తెలుగు మాస్టారికి వంతెనల సంగతేం తెలుసు?" అని అల్లుడి ముందు కూడా మీ మాట కొట్టిపారేశాను.

సన్నగా వాన పడుతుంటే మేమూ ఆ కప్పు కిందే నిలబడ్డాం. అక్కడి తోటమాలి ముసలాయన. ఆయన్నే అడిగాను.

"మనుషులు తడిస్తే ఆరుతారు. దూలాలు తడిస్తే కుళ్ళిపోతాయి. కప్పు వాటి కోసమే" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు మేఘనకు మన వాదన సంగతంతా చెప్పాను. అది ఎప్పటిలాగే ఇంగ్లీషులో, "తాతయ్య చెప్పింది రైట్ అని ఎప్పుడైనా ఆయనతో అన్నావా అమ్మమ్మా, ఒక్కసారైనా?" అని అడిగింది.

మాటలు మాని రోడ్డు చూడమన్నాను.

పద్నాలుగు కిలోమీటర్లు వెళ్ళాక, లేదని చెప్పాను.

మీరు చెప్పిందే సరైనదండీ.