శనివారం మాత్ర

అమ్మా,

నిన్న నీ అల్లుడూ నేనూ హిందూపురం ఆస్పత్రికి వెళ్లాం. నెల తప్పానేమోనని భయపడ్డాను. పరీక్షలో ఏమీ లేదని తేలింది.

"కడుపు రాకుండా ఇచ్చిన మాత్రలు రోజూ మింగుతాండావా?" అని నర్సమ్మ అడిగింది.

"లేదక్కా. ఈయప్పకు బెంగళూరులో పని. శనివారం శనివారం వస్తాడు. వచ్చిన దినాలే మింగుతా."

పక్కనున్నావిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నీ అల్లుడు తన చెప్పుల వైపే చూస్తూ కూర్చున్నాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

నర్సమ్మ మాత్రం నవ్వలేదు. "ఆయప్ప యాడుండినా రోజూ మింగాల్సిందే, ఒగే టయానికి. నడమ నడమ మానేస్తే పని చేయవు. ఇట్ల మింగమని నీకెవరు చెప్పినారు?"

"నాకే తోచిందక్కా," అన్నాను. నీ పేరు చెప్పడానికి నోరు రాలేదు.

నాయన బెంగళూరు నుంచి దిగిన సాయంత్రం మాత్రమే నువ్వు కందిపప్పు డబ్బాలోంచి ఆ మాత్రల అట్ట తీసేదానివి. తలనొప్పికేమో అనుకునేదాన్ని. పెళ్లయ్యాక అదేమిటో తెలిసి, నేనూ నీలాగే చేశాను. అప్పట్లో నీ అట్ట అయిపోకముందే చెల్లి నీ కడుపున పడింది. ఆ కాన్పులోనే నువ్వు పోయావు. "మాత్రలు మింగినా తప్పలేదు, దాని రాత," అని అవ్వ ఇప్పటికీ అంటుంది. నేనూ నమ్మాను.

తిరుగు బస్సులో నీ అల్లుడు మెల్లగా, "ఇంగ దినామూ ఫోన్ చేసి గుర్తు చేస్తాలే," అన్నాడు.

వచ్చే నెల చెల్లి పెళ్లి. ఆ అబ్బాయిదీ బెంగళూరులోనే పని. రోజూ మింగాలన్న మాట దానికి ముందే చెప్పాలి. "నీకెట్ల తెలుసక్కా?" అని అది అడిగితే, ఏం చెప్పమంటావమ్మా?