నీ జేబులో ఉండాల్సిన ఫ్యూజు

అన్నా,

పొద్దున్నుంచి ముసురు. తిరుచానూరు లాడ్జి హాల్లో నువ్వు బిగించిన దీపాలు విప్పి, కొత్తవి పెట్టాను.

"ఫ్యూజు పీకినావా? మీ అన్న మాదిరి మర్సిపోయి పానం మీదికి తెచ్చుకోవద్దప్పా," అన్నాడు మేనేజరు.

నువ్వు మర్చిపోలేదు. నిచ్చెన ఎక్కేవాడి జేబులోనే ఫ్యూజు ఉండాలని నాకు నేర్పింది నువ్వే. రెండేళ్ల కిందట నువ్వు పోయిన రోజు, జేబు చిరిగిందని ఫ్యూజు నా చేతికిచ్చి ఎక్కావు. పని అయిపోయిందనుకుని నేను తిరిగి పెట్టేశాను. నువ్వింకా వైరు పట్టుకునే ఉన్నావు. ఫ్యూజు తీయకుండా ఎక్కావని అందరికీ చెప్పింది కూడా నేనే.

మధ్యాహ్నం ఇంటికొచ్చి వదినకు నిజం చెప్పాను.

"రెండేండ్లు నా చేతి కూడు ఎట్ల తింటివప్పా?" అంది.



నాలుగు గంటల బస్సుకు వదిన పిల్లల్ని తీసుకుని సత్యవేడు పుట్టింటికి వెళ్లిపోయింది.