మా వీధిలో కుంటడం గురించి, మా బావమరిది తుపాకీ గురించి

ఆయుధ లైసెన్సుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా బావమరిదికి తమరు మంజూరు చేసిన తుపాకీని వెనక్కి తీసుకొనుట గురించి.

ఇందుమూలముగా సమస్త జనులకూ తెలియజేయడమేమనగా, ఇకమీదట మా వీధిలో ఎవరూ కుంటరాదు. చెప్పు తెగినా, ముల్లు గుచ్చుకున్నా, కూర్చుని కూర్చుని కాలు తిమ్మిరెక్కినా తిన్నగానే నడవవలెను. చేతకానివారు ఇంటికి ఫోను చేసి, ఎవరైనా వచ్చి మోసుకెళ్ళేదాకా నిలబడవలెను. ఇది నేను పెట్టిన చట్టం కాదు. తమరి సంతకంతో దానంతటదే అమలులోకి వచ్చింది. ఎట్లనగా:

1. నేను మైకుసెట్లు అద్దెకిచ్చుకుని బతికేవాడిని. పోయిన నెల మా ఇంట్లో దొంగ పడి ఆంప్లిఫయరు ఎత్తుకుపోయాడు. వాడు ఎడమకాలు ఈడుస్తూ కుంటుతూ పారిపోయాడని పోలీసు స్టేషనులో రాసిచ్చితిని. తర్వాత టీకొట్టు దగ్గరా, మంగలి షాపులోనూ, అడిగినవారికీ అడగనివారికీ ఆ నడక నడిచి చూపించితిని. బాగా చేశావని చప్పట్లు కొట్టినవారు కూడా ఉన్నారు.

2. మా మేడమీద వాటాలో ఉండే మా బావమరిది చప్పట్లు కొట్టలేదు. స్టీలు సామాన్ల కొట్టులో గుమాస్తా, మెత్తని మనిషి. ఇంట్లో పెళ్ళాం, చంటిపిల్ల. ఆనాటి నుంచి అతనికి కంటిమీద కునుకు లేదు. నా ఫిర్యాదు నకలు జతచేసి తమకు దరఖాస్తు పెట్టాడు. మెట్ల దగ్గర గ్రిల్లు పెట్టించుకో, లైటు వేయించుకో అని నచ్చజెప్పబోయాను. "వాడు మేడెక్కి వస్తే నువ్వు కిందనుంచి మైకులో అరుస్తావా బావా?" అన్నాడు. ప్రాణం కాపాడుకునే హక్కు అందరికీ ఉన్నదని ఒప్పుకుంటున్నాను. అతని భయం మీద నాకు ఫిర్యాదు లేదు.

3. గొడుగులు బాగుచేసే ఆయన ఒకరు మా వీధికి వస్తుంటారు. చిన్నప్పటి జబ్బు వల్ల ఆయనకు ఎడమకాలు లాగుతుంది. మొన్న ఆదివారం మిట్టమధ్యాహ్నం మా ఆవిడ గొడుగు తిరిగి ఇవ్వడానికి వచ్చి, తలుపు వేసి ఉంటే, పైన ఇచ్చిపోదామని మెట్లెక్కాడు. పైమెట్టు మీద మా బావమరిది, అతని చేతిలో తమరు మంజూరు చేసిన వస్తువు.

"గొడుగు బాబూ. కింద అమ్మగారిది," అన్నాడాయన. గొడుగు కింద పెట్టి రెండు చేతులూ పైకెత్తాడు. ఆ గొడుగే ఆయనకు ఊతం కాబట్టి అక్కడే కూలబడ్డాడు. తుపాకీ పేలలేదు. పేలకపోవడానికి కారణం మా బావమరిదికి కూడా తెలియదు.

ఆయన కూలబడిన చప్పుడు విని ఇంట్లోంచి పరుగెత్తుకెళ్ళాను. "నువ్వు చూసింది ఇతన్నే కదూ బావా?" అన్నాడు. కాదురా అన్నాను. నా చెవిలో, "భయపడకు. నేనున్నాగా," అన్నాడు. ఎన్నిసార్లు కాదన్నా, దొంగకు భయపడి దాస్తున్నాననే అతని నమ్మకం.

4. గొడుగులాయన ఇప్పటికీ వస్తున్నాడు, పొట్టకూటికి తప్పదు కదా. మా వీధి మొదలు నుంచి చివరిదాకా పళ్ళు బిగబట్టి, కుంటకుండా నడవాలని చూస్తాడు. చొక్కా తడిసిపోతుంది. వీధి మలుపు తిరిగాక గోడకు ఆనుకుని నిలబడతాడు. అది చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

5. నా ఫిర్యాదు నకళ్ళు అడిగి తీసుకుని ఎదురింటివారు, మంగలి కూడా దరఖాస్తులు పెట్టియున్నారు.

కావున ఆ తుపాకీ వెనక్కి తెప్పించి, మిగతా దరఖాస్తులు ఆపి, నన్ను పిలిపించి గట్టిగా విచారించవలసిందిగా వేడుకుంటున్నాను. వెంటనే చిత్తగించవలెను. ఆదివారం మళ్ళీ వస్తుంది.

తమ విధేయుడు,
మైకుసెట్టువాడు

తా.క.: ఆంప్లిఫయరు పోయిన మాట నిజం. దొంగను మాత్రం నేను చూడలేదు సార్, గురకపెట్టి నిద్రపోతున్నాను. మొద్దునిద్ర అని మా ఆవిడ వీధిలో నా పరువు తీస్తుంటే, వెంటపడి తరిమానని కోశాను. ఉత్త దొంగ అంటే ఎవరూ వినరని ఆ కాలు నేనే పెట్టాను. కుంటేవాడు నాకు దొరక్కుండా ఎలా పారిపోయాడని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. తుపాకీ ఎక్కడ దొరుకుతుందనే అడిగారు.