పూట తినని చోటు

జూన్ 11, 2024. మంగళవారం

రంజిత్ సావనీర్ పని నాకు అప్పజెప్పాడు. బాపు ఈ శిక్షణ కేంద్రం పెట్టి ముప్పై ఏళ్లు నిండుతున్నాయట, చరిత్ర రాయాలట. ఇంటికి పెద్దదానివి, బాపు సంగతులన్నీ నీకే ఎరుక, రెండు పేజీలు చాలక్కా అన్నాడు. తమ్ముడే అయినా ఇప్పుడు డైరెక్టర్. సరే అన్నాను.

పూజ చేసుకుని కూర్చున్నాను. రాసింది ఇంతే. మా నాన్న, బాపు, బొగ్గు బాయి పని నుంచి రిటైరయ్యాక మంచిర్యాలలో ఒక రేకుల షెడ్డు తీసుకున్నాడు. కాలనీలో మగపిల్లలకు వెల్డింగ్, ఆడపిల్లలకు కుట్టుపని నేర్పించాడు. నేర్పితే సరిపోదు, పని కూడా చూపించాలి అన్నాడు. ప్లేస్‌మెంట్ అట్లా మొదలైంది.

జూన్ 14

బాపు పద్ధతి గురించి రాశాను. పిల్లలను ఎక్కడికి పంపాలన్నా ముందు కేంద్రం నుంచి ఒకరు వెళ్లి, అక్కడ పనిచేసేవాళ్ల పక్కన కూర్చుని ఒక పూట తిని రావాలి. పూట తినడం అనేవాళ్లం. తిన్నాకే బ్యాచ్ కదిలేది. ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లు, భివండీ, పూణె, హైదరాబాద్ హోటళ్లు. మొదట బాపు తిన్నాడు, ఆయన తర్వాత నేను తిన్నాను. ఒకసారి బాపు ఒక మిల్లు నుంచి వచ్చి, పంపేది లేదన్నాడు. అన్నం మంచిగ లేదా బాపూ అని అడిగాను. అన్నం మంచిగనే ఉన్నది బిడ్డా, తినేటోళ్ల మొఖాలే మంచిగ లేవు అన్నాడు.

హుస్నాబాద్ నుంచి, సిరిసిల్ల నుంచి కూడా పిల్లలు మా దగ్గరికి వచ్చింది ఇందుకే. జీతమెంతని తర్వాత అడిగేవాళ్లు. ముందు, అక్కా తినొచ్చినవా అని అడిగేవాళ్లు.

జూన్ 15

థాయ్‌లాండ్ సంగతి ఎట్లా రాయాలో తోచలేదు. ఆపేశాను.

జూన్ 18. మంగళవారం

చరిత్రలో రాయకపోయినా ఇక్కడ రాయాలి.

ఎండాకాలం మొదట్లో దేవదాస్ అనే ఏజెంటు వచ్చాడు. థాయ్‌లాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగాలు అన్నాడు. ముందు ఒక్కణ్ణి పంపండి, కుదిరితే ఇంకో ఐదుగురిని తీసుకుంటారన్నాడు. మరి పూట ఎట్లా అని నేను అడిగితే రంజిత్ నవ్వాడు. ఆ పప్పన్నం కోసం ఫ్లైట్ ఎక్కుతవా అక్కా, నీకు పాస్‌పోర్టన్న ఉన్నదా అన్నాడు. దేవదాస్ ఫోన్లోనే వీడియో తెప్పించాడు. పెద్ద క్యాంటీన్. స్టీల్ ప్లేట్లలో అన్నం, పప్పు, గుడ్డు. హాల్లో టీవీలో పెట్టారు. పిల్లలూ తల్లిదండ్రులూ అందరూ నా ముఖం చూశారు. మంచిగనే ఉన్నట్టుంది అన్నాను.

ఆ మాట మీదే శ్రావణ్ వెళ్లాడు. మా హాస్టల్లో వండే ఎల్లక్క కొడుకు. ఆమె భర్త సిరిసిల్లలో మరమగ్గాల సాంచాలు నడిపి నడిపి రొమ్ము చెడి చనిపోయాడు. ఉన్నది ఈ ఒక్క పిల్లవాడు.

మొదట్లో రోజూ ఫోన్ చేసేవాడు. ఇప్పుడు ఎప్పుడో ఒకసారి.

జూన్ 20

శ్రావణ్ వీడియో కాల్ చేశాడు. ఎల్లక్క చేతులు కొంగుకు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. మంచిగున్న అవ్వా, నవీన వాళ్లను జల్ది తోలుమను రంజిత్ సార్‌ను అన్నాడు. నవీన రెండో బ్యాచ్ ఐదుగురిలో ఒకతె. ఎల్లక్క, గంత బక్కగైనవేందిరా, ఆడ నా అసొంటి వంటమనిషి దొరుకలేదా అని ఎగతాళి చేసింది. వాడు నవ్వలేదు.

వాడి భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంది. మనిషి కనబడలేదు. కాల్ అయిపోయేదాకా నేను ఆ చేతినే చూశాను. అది కదల్లేదు.

జూన్ 21, మధ్యాహ్నం

క్యాంటీన్ వీడియో మళ్లీ పెట్టుకుని చూశాను. బెంచీల నిండా పడుచు పిల్లలు. ఒక్కరూ మాట్లాడుకోవడం లేదు. ఒక్కరూ తలెత్తడం లేదు. ఇన్నేళ్లు హాస్టల్లో వడ్డించాను, పిల్లలు తినేచోట ఇంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు. సౌండ్ రావడం లేదేమోనని పెంచాను.

చెంచాల చప్పుడు వినబడింది.

ఆంజనేయా.

జూన్ 21, సాయంత్రం

రంజిత్‌ను అడిగాను. లేచి తలుపు వేశాడు. అది కంపెనీ కాదక్కా, ఫోన్ల మీద జనాన్ని ముంచే ముఠా అన్నాడు. శ్రావణ్ పాస్‌పోర్టు గుంజుకున్నారట. బయటికి పోనివ్వరట, టార్గెట్ కాకపోతే కొడతారట. ఐదుగురు వస్తే ఈ ఒక్కణ్ణి వదులుతామన్నారట. పోలీసులకు చెబితే వాడు మిగలడన్నారట. ఐదుగురికీ వచ్చే గురువారమే ఫ్లైట్.

నీకెప్పటినుంచి తెలుసు అన్నాను. వాళ్లను పోనీయక్కా, వీడు రానీ, వెనుక వాళ్లను ఎట్లనో తెచ్చుకుందాం అన్నాడు. నేను తిట్టలేదు. ఒక్క క్షణం నాకూ ఆ లెక్క సరిగ్గానే ఉందనిపించింది. దానికే ఎక్కువ భయమేసింది.

జూన్ 22. శనివారం

కొండగట్టు ఆంజనేయస్వామి గుడికి పోయాను. శ్రావణ్ రావాలని మొక్కబోతే నోరు ఆగిపోయింది. వాడు రావాలంటే ఎవరు పోవాలో స్వామికి తెలుసు, నాకూ తెలుసు. దండం పెట్టుకుని దిగాను.

జూన్ 23

ఎల్లక్కకు చెప్పాను. ఉల్లిగడ్డలు కోస్తోంది. అంతా విన్నది, కత్తి ఆపలేదు. చివరికి, పంపుండ్రి అంది. ఇన్నేండ్లు అందరి పిల్లలకు వండిపెట్టిన, పెద్దక్కా, నాకున్నది గాడొక్కడే, పంపుండ్రి.

ఆ తర్వాత ఆ ఐదుగురికీ తనే వడ్డించింది. నవీన, పప్పుల ఉప్పు మర్శినవ్ ఎల్లక్కా, కొడుకు యాదికొచ్చిండా అని ఏడిపించింది. ఎల్లక్క ఆ పిల్ల ప్లేటులో ఇంకో గరిటె వేసి లోపలికి పోయింది.

నేను తినలేకపోయాను.

జూన్ 24, తెల్లవారుజామున

జపం చేస్తుంటే చేతిలో మాల ఆగిపోతోంది.

జూన్ 24

ఐదుగురి తల్లిదండ్రులనూ పిలిపించాను. నేనక్కడ పూట తినలేదు, పిల్లలను పంపను అన్నాను. నవీన తండ్రి కైలాసం లేచాడు. గిప్పుడా చెప్పేది, కాలనీ అంత చాటుకున్నం, మా ఇజ్జత్ ఏంగావాలె, టీవీల చూసినప్పుడు నీ నోరు యాడికి పోయింది అన్నాడు. అడగాల్సిన మాటే. శ్రావణ్ సంగతి మొత్తం చెప్పాను. కైలాసం మెల్లగా కూర్చున్నాడు. కూతురి మోచెయ్యి పట్టుకున్నాడు, వదల్లేదు.

అందరం పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం. ఫిర్యాదు రంజితే చెప్పాడు. దేవదాస్ ఫోన్ స్విచాఫ్. విదేశాంగ శాఖకు రాస్తామన్నారు. ఎన్నాళ్లు పడుతుందంటే, చెప్పలేమమ్మా అన్నారు.

ఎల్లక్క రాలేదు. స్టేషన్‌కు పోతున్నామని చెబితే, నా కొడుకును మీరే చంపుతున్నరు అంది. గట్టిగా కూడా అనలేదు.

జూన్ 27

ఫ్లైట్ టైమ్ దాటింది. ఐదుగురూ ఇక్కడే ఉన్నారు. వంటింట్లో పొయ్యి వెలగలేదు. నేను వెలిగించాను.

జూలై 2. మంగళవారం

శ్రావణ్ నుంచి కాల్ లేదు. మేము చేస్తే రింగవదు.

ఎల్లక్క మళ్లీ పనిలోకి వస్తోంది. నన్ను చూడదు. పొద్దున ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి, ఫోన్‌ల చార్జింగ్ ఉన్నదా అని గోడనడిగినట్టు అడుగుతుంది. ఉంది అంటాను.

రంజిత్ సావనీర్ వద్దన్నాడు. ఇంకేం చరిత్ర అక్కా అన్నాడు. స్టేషన్‌కు పోయి వస్తున్నాడు, భోజనానికి కూర్చుంటే ముద్ద దిగడం లేదు. వాడిమీద కోపం రావాలి. వాడు చిన్నప్పుడు జ్వరంలో పడుకున్నట్టు కనిపిస్తున్నాడు.

జూలై 6. శనివారం

కొత్త నంబర్ నుంచి ఫోన్. శ్రావణ్ కాదు. అదే బిల్డింగ్‌లో ఉన్న హుస్నాబాద్ పిల్లవాడినన్నాడు, పేరు చెప్పలేదు. గుసగుసగా మాట్లాడాడు. శ్రావణన్న గీ నంబర్ ఇచ్చిండు, ఎవ్వర్నీ పంపొద్దని పెద్దక్కకు చెప్పుమన్నడు అన్నాడు.

శ్రావణ్ ఏడి బిడ్డా అని అడిగాను.

మొన్న మీది అంతస్తుకు తీస్కపోయిండ్రు, మళ్ల కిందికి రాలే అన్నాడు. లైన్ కట్ అయింది.

ఎల్లక్క గుమ్మంలో నిలబడి ఉంది.

మొదటి మాట చెప్పాను. రెండోది ఇంకా చెప్పలేదు.