కొబ్బరికాయ లేచిన రెండు చోట్లు

మంగళవారం, రాత్రి

సమస్త కొబ్బరికాయలకూ, భూగర్భ జలాలకూ, నన్ను సైకాలజీ చదివించిన నాయనకూ ఈ అపరాధి సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాడు. ఈ క్షమాపణ శుద్ధ అబద్ధం.

మూడో బోరుకు చోటు చూపడానికి ఓబులేసు మామ వచ్చాడు. ఆయన చూపిన మొదటి రెండూ దుమ్మే కక్కాయి. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకొని నడిస్తే, నీళ్ళున్న చోట అది నిలువుగా లేస్తుందట. వేపచెట్టు దగ్గర లేచింది. టవలుతో కళ్ళు కట్టి మళ్ళీ నడిపించాను. ఈసారి అవతలి గట్టు దగ్గర లేచింది.

"నీళ్ళు అంతలోనే ఆడికి పోయినాయా మామా?"

"కళ్ళు కడితే శక్తి యాడ పని చేస్తాదిరా?"

"శక్తి చేతిలో ఉండాదంటివే!"

మనకు తెలియకుండానే చేతి కండరాలు కదులుతాయి, కాయను లేపేది అవే అన్నాను. ఎవరు కోప్పడినా రేపూ అదే అంటాను. మామ కాయ విసిరేసి వెళ్ళిపోయాడు.

నాయన చీనీ తోటలో ఎండుతున్న బత్తాయి చెట్ల వైపు చూశాడు. "సరేప్పా, పొద్దున బోరుబండి వస్తాది. సదువుకున్నోడివి, నువ్వే చెప్పు. యాడ వేయల్ల?"

తెలియదు అనాల్సింది. నేను చేసింది ఒక్కటే. కాసేపు గంభీరంగా కళ్ళు మూసుకొని, వేలితో ఒక చోటు చూపించాను.